చీటీ రాసేది మనకోసం కాదు

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు బయల్దేరే అపార్ట్‌మెంటు బృందాలను చూడండి. సంచుల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నొప్పుల స్ప్రే, పులిహోర అన్నీ ఉంటాయి. "ఇంటి నంబరు, వాడే మందులు రాసిన చీటీ ఉందా?" అంటే మాత్రం నవ్వేస్తారు.

అపోహ: ఫోనుందిగా!

లాక్ వేసిన ఫోన్లో 'ఇల్లు', 'పెద్దోడు' అని ఎన్ని పేర్లుంటే ఏం, పక్కవాళ్లకు ఒక్కటీ కనిపించదు. అత్యవసర నంబరును 'ఐసీఈ' (ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ) అన్న పేరుతో దాచుకోమని 2005లో ఇంగ్లండ్‌లో బాబ్ బ్రాచీ అనే పారామెడిక్ ప్రచారం చేశాడు. మంచి ఆలోచనే గానీ లాకులు వచ్చాక దానికి కాలం చెల్లింది. ఇప్పుడు లాక్ స్క్రీన్ మీది 'ఎమర్జెన్సీ' నొక్కితే వివరాలు కనిపించే ఏర్పాటుంది, మనం ముందే నింపి ఉంటేనే సుమా. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీ నింపి, లాక్‌లోనూ కనిపించేలా ఆన్ చేయాలి. ఇంతా చేస్తే, రాత్రంతా వీడియోలు తీసిన ఫోన్‌కు తెల్లారేసరికి చార్జింగే ఉండదు. అందుకే కాగితం.

అపోహ: బ్లడ్ గ్రూపు రాస్తే సరిపోతుంది.

చీటీ చూసి ఏ ఆసుపత్రీ రక్తం ఎక్కించదు. మళ్లీ శాంపిల్ తీసి, గ్రూపు తేల్చి, క్రాస్‌మ్యాచ్ చేశాకే ఎక్కిస్తారు. అంత వ్యవధి లేకపోతే ఓ నెగెటివ్ ఇస్తారు. గ్రూపు రాయడం తప్పు కాదు, కానీ డాక్టరు వెతికేది వేరే. 'క్లోపిడోగ్రెల్ 75, రాత్రి ఒకటి. స్టెంట్ వేశారు. పెన్సిలిన్ పడదు.' ఈ మూడు ముక్కలు చాలా విలువైనవి. తలకు దెబ్బ తగిలిన మనిషి రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నాడని తెలిస్తే వైద్యుడి జాగ్రత్తే మారిపోతుంది.

అపోహ: షుగర్ మామూలే, అదీ రాయాలా?

ముందు రాయాల్సింది అదే. ఇన్సులిన్ వేసుకుని, ఉపవాసమని ఏమీ తినకుండా నడిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది. చూసినవాళ్లు "తాగొచ్చాడు" అని పక్కకు తప్పుకుంటారు. 'షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడతాను' అన్న ఒక్క వరుస ఆ అనుమానాన్ని తీర్చేస్తుంది. మింగగలిగితే వెంటనే గ్లూకోజ్ నీళ్లో పంచదార నీళ్లో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

అపోహ: మా ఆయన పక్కనే ఉంటారు, ఆయన నంబరు చాలు.

జనంలో మొదట తప్పిపోయేది ఆ పక్కనున్నవాళ్లే. భార్య చీటీలో భర్త నంబరు, భర్త చీటీలో భార్య నంబరు, ఇద్దరూ నడకలోనే! ఒక్క నంబరైనా ఇంట్లో ఉండి ఫోన్ ఎత్తేవాళ్లది కావాలి. వాట్సాప్ గ్రూపు సంగతీ అంతే. అందులో ఉండేవి నడిచేవాళ్ల నంబర్లే.

పోనీ, జేబులో ఆధార్ కార్డు ఉందిగా అంటారా? అందులో మందుల ఊసుండదు. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరున్నా మన అనుమతి లేనిదే రికార్డులు తెరుచుకోవు. స్పృహ తప్పినవాళ్లు ఓటీపీ ఏం చెబుతారు?

ఇక గోప్యత. చీటీ నకలు బృందం పెద్దకు కూడా ఇస్తుంటే, దాన్ని కవరులో పెట్టి అంటించి, నడక అయ్యాక వెనక్కి తీసుకోండి. ఆధార్ నంబరూ బ్యాంకు వివరాలూ అందులో అక్కర్లేదు.

అరుణాచలం వెళ్లేవాళ్లకు ఇంకో మాట. 14 కిలోమీటర్ల ఆ గిరిప్రదక్షిణ దారిలో ఆదుకునేవాళ్లు తమిళులు కావచ్చు, మన తెలుగు రాత వాళ్లకు అందదు. మందుల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి. స్పెల్లింగ్ మీద అనుమానముంటే, పేరు అచ్చయిన పాత మాత్రల అట్ట ముక్కను చీటీకి పిన్ను చేయండి.