పంపే ముందు ఒక్క నిమిషము

ఒకప్పుడు మన పల్లెలో పుట్టిన వార్త పక్క ఊరు చేరాలంటే బస్సయినా రావాలి, సంతరోజైనా రావాలి. ఈలోగా ఇంటి పెద్దలు, "ఎవరు చెప్పారు? నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగేవారు. సగము పుకార్లు అక్కడే ఆగిపోయేవి. నేడు మనము అన్నము తిని చెయ్యి కడుగుకొనేలోగా అదే వార్త వంద ఇండ్లు చేరుతున్నది. మధ్యలో ఆపి అడిగేవారు లేరు.

2018 వేసవి మనలో చాలామందికి జ్ఞాపకము ఉండే ఉంటుంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వచ్చాయి. వాటిలో ఒకదానిని మేమూ మా బంధువులందరికీ పంపాము. "పిల్లలు జాగ్రత్త" అని రెండు మాటలు చేర్చి మరీ పంపాము. మేలు చేశామనే అనుకొన్నాము.

ఆ రోజులలో ఎక్కువగా తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొనే పిల్లవానిని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాను దేశములోని కరాచీలో, పిల్లల విషయములో తల్లిదండ్రులను హెచ్చరించుటకు తీసిన చిన్న ప్రచార చిత్రము. దాని చివరలో ఆ ఇద్దరూ పిల్లవానిని తిరిగి తెచ్చి దింపుతారు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించారు. మిగిలిన సగము మన దేశమంతా తిరిగింది.

దాని ఫలితము ఏమిటి? 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామానికి, సంతరోజున, భిక్షాటనతో జీవించే సంచార జాతివారు వచ్చారు. వారిలో ఒకరు ఒక పిల్లతో మాట్లాడుట చూచి జనము అనుమానించారు. అయిదుగురిని పంచాయతీ కార్యాలయపు గదిలో పెట్టి కొట్టి చంపారు. ఆ గుంపులో పిల్లలు గల తండ్రులు కూడా ఉండి ఉంటారు. భయము వారి చేత ఆ పని చేయించింది.

అదే సంవత్సరము మన తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో వేరొకటి జరిగింది. వేసవిలో ఆరుబయట పడుకొనే జనము తలుపులు బిగించుకొని లోపల పడుకొనుట పోలీసులు గమనించారు. కారణము అడిగితే ఫోనులోని బొమ్మలు చూపించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊరూరికి పంపారు. వారు డప్పు కొట్టి, పాటలు పాడి, ఆ వార్తలు అబద్ధమని చెప్పారు. ఆమె ఆధీనములోని నాలుగు వందలకు పైగా గ్రామాలలో ఈ పుకార్ల వలన ఒక్క ప్రాణమూ పోలేదు. ఫోను చేసిన గాయమునకు మనిషి ఎదుట నిలబడి చెప్పిన మాటే మందు అయినది.

ఆ జూలై నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఇతరుల నుండి వచ్చినదానిని పంపితే ఆ సంగతి తెలిపే గుర్తును కూడా పెట్టింది. ఇవి మంచివే. కాని అయిదుగురికి పంపినా అబద్ధము అబద్ధమే గదా!

కాబట్టి ప్రియ పాఠకులారా, పంపే ముందు ఇంటిలో అందరము మూడు ప్రశ్నలు వేసుకొందాము. ఇది ఎప్పటిది, ఎక్కడిది? పంపినవారు స్వయముగా చూశారా? ఇది అబద్ధమైతే ఎవరికి దెబ్బ తగులుతుంది? జవాబు దొరకకపోతే ఆ సందేశము మన ఫోనులోనే ఆగిపోనిద్దాము. చదువుకొన్న పిల్లలు అవ్వా తాతలను వెక్కిరించక, పక్కన కూర్చుండి ఓపికగా చూపించాలి.

మరొక మాట. మేము ఆ రోజు పంపినది అబద్ధమని తెలిసిన తరువాత, మా బంధువులలో ఒక్కరికైనా ఆ సంగతి చెప్పలేదు. సిగ్గు అడ్డము వచ్చింది. పంపుటకు క్షణము పట్టింది. "మేము పొరపాటు పడ్డాము" అని చెప్పుటకు సంవత్సరాలు పట్టింది. మీకు అంత ఆలస్యము కాకూడదని మా కోరిక.