ఉమ్మడి లక్ష్యాల ప్రాతిపదికన అంతర్జాల ప్రకటనల వర్గీకరణ: ఒక వివరణ

వ్యాససంగ్రహం: అంతర్జాల ప్రకటనల వేలంలో ఎంత ధర పలకాలో నేడు చాలావరకు యంత్రమే నిర్ణయిస్తున్నది. అందుకోసం పలు ప్రచారాలను ఒకే లక్ష్యం కింద చేర్చే పద్ధతిని, దాని లాభనష్టాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తక్కువ సంఖ్యలో ఫలితాలు వచ్చే తెలుగు ప్రకటనలకు ఈ పద్ధతి మేలు చేయాలంటే వర్గీకరణకు పదసామ్యం కాక ప్రయోజనసామ్యం ఆధారం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల ప్రకటనలు, వేలం, ఉమ్మడి లక్ష్యం, పర్యాయపదాలు, నానార్థాలు, వరంగల్ దర్రీలు.

1. ఉపోద్ఘాతం

గూగుల్ సంస్థ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ పేరుతో తన ప్రకటనల వ్యవస్థను ప్రారంభించింది. 2018లో అందులో తెలుగుకు చోటు లభించింది. అదే ఏడాది జులైలో ఆ వ్యవస్థ గూగుల్ యాడ్స్‌గా పేరు మార్చుకుంది. దీనితో చిన్న వ్యాపారి కూడా తెలుగులో ప్రకటన ఇచ్చుకోగలుగుతున్నాడు. అయితే ప్రకటన ఇవ్వడం వేరు, అది తగిన వారి కంటబడటం వేరు. ఈ రెండింటి నడుమ యంత్రం చేసే నిర్ణయాలున్నాయి. వాటికి పునాది మనిషి చేసే వర్గీకరణ.

2. వేలం – యంత్రం పాత్ర

ఎవరైనా ఒక మాటను వెతికిన ప్రతిసారీ ప్రకటనల మధ్య క్షణాల్లో వేలం జరుగుతుంది. పలికిన ధర, ప్రకటన నాణ్యత మొదలైనవాటిని బట్టి వాటి స్థానం నిర్ణయమవుతుంది. పూర్వం ఒక్కొక్క పదానికి ఎంత పలకాలో ప్రకటనదారే నిర్ణయించేవాడు. స్వయంచాలక పద్ధతిలో అతడు లక్ష్యం మాత్రమే చెబుతాడు. ‘ఒక్కో ఆర్డరుకు సగటున 100 రూపాయల ఖర్చు’ అన్నది అలాంటి లక్ష్యం. వెతికిన సమయం, ప్రాంతం, వాడిన పరికరం వంటి ఆధారాలతో యంత్రం ఒక్కో వేలానికి ఒక్కో ధర పలుకుతుంది.

అలా పలకడానికి దానికి పాత ఫలితాల అనుభవం కావాలి. మెటా సంస్థ వేదికల్లో ఒక ప్రకటన సముదాయం అభ్యాసదశను దాటడానికి వారానికి సుమారు 50 ఫలితాలు అవసరమని ఆ సంస్థే చెబుతుంది. చిన్న దుకాణం ఒక్కో ప్రచారానికి అన్ని ఫలితాలు సాధించడం కష్టం. ప్రచారాలను కలపవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

3. సమూహీకరణలో భేదాలు

గూగుల్ యాడ్స్‌లో మూడు ఏర్పాట్లను వేరుగా గుర్తించాలి. మొదటిది ప్రచారాల సమూహం. ఇది ఫలితాలను ఒకచోట చూసుకోవడానికే గాని ధరను మార్చదు. రెండవది ఉమ్మడి ధరవ్యూహం. ఇందులో పలు ప్రచారాలకు ఒకే లక్ష్యం ఉంటుంది, దానిని యంత్రం మొత్తం మీద సగటుగా సాధించజూస్తుంది. మూడవది ఉమ్మడి వ్యయపరిమితి. ఇది అన్ని ప్రచారాలకూ కలిపి ఒకే సంచి వంటిది. లక్ష్యాన్ని కలిపినంత మాత్రాన సంచిని కూడా కలపాలన్న నియమం లేదు.

4. పర్యాయపదాలు, నానార్థాలు

వరంగల్ నగరంలోని కొత్తవాడ దర్రీల నేతకు ప్రసిద్ధి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే నగరంలోని మట్టెవాడలో దర్రీలు అమ్మే దుకాణం ఒకటి ఉన్నదని ఊహిద్దాం. దాని సరుకును ఒకరు ‘దర్రీ’ అని, ఒకరు ‘జంపఖానా’ అని వెతుకుతారు. అవే మాటలను రోమన్ లిపిలో టైపు చేసేవారూ ఉంటారు. మాటకొక ప్రచారం నడిపితే అసలే తక్కువగా ఉన్న ఫలితాలు ముక్కలవుతాయి. ఇవి పర్యాయపదాలు కనుక కలపడమే మేలు.

దీనికి విపర్యయం కూడా ఉన్నది. ‘జంపఖానా’ అని వెతికే గృహిణికి ఇంట్లో పరచుకోవడానికి ఒక్కటి చాలు. అదే మాటను వెతికే టెంట్‌హౌస్ యజమానికి పెళ్ళిళ్ళ కోసం పదుల కొద్దీ కావాలి. పదం ఒక్కటే, ప్రయోజనాలు రెండు. నానార్థాలను సందర్భం విడదీసినట్లు ఇక్కడ ప్రచారాలను ప్రయోజనం విడదీయాలి.

5. సగటు దాచే సత్యం

ఆ దుకాణం రెండు ప్రచారాలు నడుపుతున్నదనుకుందాం. చిల్లర అమ్మకాల కోసం ఇంగ్లీషులో ఇచ్చినదానికి నెలకు 3,200 రూపాయల ఖర్చుతో 40 ఆర్డర్లు వచ్చాయి. టెంట్‌హౌస్‌ల కోసం తెలుగులో ఇచ్చినదానికి 1,800 రూపాయల ఖర్చుతో 10 ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరు ఖర్చు మొదటిదానికి 80, రెండవదానికి 180 రూపాయలు. మొత్తం 5,000 రూపాయలకు 50 ఆర్డర్లు కనుక సగటు సరిగ్గా 100. లక్ష్యం నెరవేరినట్లే కనిపిస్తుంది.

ప్రకటన ఖర్చు తీయకముందు చిల్లర ఆర్డరుకు 150, టోకు ఆర్డరుకు 2,000 రూపాయల లాభం ఉంటే లెక్క తిరగబడుతుంది. 40 ఆర్డర్ల లాభం 6,000 కాగా 10 ఆర్డర్ల లాభం 20,000. ఆర్డర్లను తలల లెక్కన మాత్రమే చూసే యంత్రానికి తెలుగు ప్రచారం ఖరీదైనదిగా తోస్తుంది. అది అక్కడ పలికే ధరను తగ్గించే అవకాశం ఉన్నది. సంచి కూడా ఒక్కటే అయితే డబ్బు చవక ఆర్డర్ల వైపు మళ్ళుతుంది. దుకాణానికి అన్నం పెట్టే ప్రచారమే క్రమంగా ఎండిపోతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చికి పలికే జెండా పాట ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. జెండా పాట గరిష్ఠ ధర, ఇక్కడిది సగటు ధర. అయినా ఒక్క అంకెను చూసి ఒక్కొక్క రైతుకు దక్కినదెంతో చెప్పలేకపోవడం రెండింటా సమానమే.

6. పాటించవలసిన జాగ్రత్తలు

మొదట, ఫలితాల విలువ దాదాపు సమానమైన ప్రచారాలనే ఒకే ఆర్డరు ఖర్చు లక్ష్యం కింద చేర్చాలి. విలువలు వేరైనప్పుడు ఒక్కో ఫలితానికి రూపాయల్లో విలువ నమోదుచేసి, ఖర్చుకు తగిన రాబడిని లక్ష్యంగా పెట్టుకోవాలి. రెండవది, ఫోనులో, వాట్సాప్‌లో కుదిరిన బేరాలను కూడా ఫలితాలుగా నమోదుచేయాలి. నమోదు కాని అమ్మకం యంత్రం దృష్టిలో జరగనట్లే. మూడవది, లక్ష్యాన్ని కలిపినా తొలిదశలో వ్యయపరిమితులను విడిగా ఉంచి, ప్రతి ప్రచారం లెక్కనూ వేరుగా పరిశీలించాలి.

7. ఉపసంహారం

సమూహీకరణ సాంకేతిక ప్రక్రియగా కనిపించినా మూలంలో అది అర్థనిర్ణయం. ఏ రెండు ఫలితాలు ఒకటేనో యంత్రం తనంతట తాను తేల్చదు. మనిషి ‘ఒకటే’ అన్నవాటిని ఒకటిగా లెక్కిస్తుంది. ఆ మాట సరిగా చెప్పినప్పుడు తక్కువ ఫలితాలున్న తెలుగు ప్రచారానికి తోటి ప్రచారాల బలం తోడవుతుంది. తప్పుగా చెబితే వాటి సగటులో అది కనుమరుగవుతుంది. పదాల అర్థభేదాలను పరిశీలించే భాషావిద్యార్థులకు ఈ రంగంలో చేయదగిన పని ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతున్నది.