కంప్యూటరుకు అప్పజెప్పిన పాఠాలు

మన సంఘం ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు గత ఆరు నెలలుగా నేనెక్కడ కనబడినా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, మావాడికి ఎన్ని మార్కులొచ్చాయండీ?" పెళ్ళి పందిట్లోనూ ఇదే, కూరగాయల కొట్టు ముందూ ఇదే. చెప్పడానికి నా దగ్గర మార్కులు లేవు. ఉన్నా చెప్పను. ఎందుకు చెప్పనో ఒక్కొక్కరికీ నిలబడి వివరించే బదులు పత్రికలో రాసేస్తే అందరికీ ఒక్కసారే అందుతుంది కదా అని సంపాదకులు సలహా ఇచ్చారు. అందుకే ఈ వ్యాసం.

ముందు మన పిల్లల సంగతి చూద్దాం. బెంగుళూరులో పెరిగే తెలుగు పిల్లలకు భాష కొరతేమీ లేదు, ఎక్కువైందనే చెప్పాలి. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. మెట్ల మీద ఆడుకునేటప్పుడు వాటన్నిటి కలగూరగంప. ఇంట్లో తెలుగు వినబడుతుంది, మాటకు మాట బదులూ చెబుతారు. చదవమంటే మాత్రం నోరు మూతపడుతుంది. మన తరగతి వారానికి ఒక్క రోజు, రెండు గంటలు. ఈ ఆదివారం నేర్పిన ఒత్తులు వచ్చే ఆదివారానికి ఆవిరైపోతాయి. ఇది పిల్లల తప్పు కాదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల గుత్తులు తానే బట్టీపట్టి, తానే మరిచిపోతూ, ఎంత కాలానికి ఎంత పోయిందో లెక్క కట్టి 1885లోనే పుస్తకం వేశాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందని, ఆ తరువాత నెమ్మదిస్తుందని అందులో తేల్చాడు. మనం తరగతి ముగించి తలుపు వేసుకుని వెళ్ళేసరికే పని మొదలైపోతుందన్నమాట.

పోయిన సంవత్సరం కార్యవర్గ సమావేశంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఏడాది చివర గట్టి పరీక్ష పెట్టి, ర్యాంకులిచ్చి, వార్షికోత్సవంలో వేదిక మీద బహుమతులిస్తే శ్రద్ధ వస్తుందని కొందరు పెద్దలు అన్నారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఆదివారం తరగతికి వచ్చే పిల్లవాడికి మనమేమీ డిగ్రీ ఇవ్వడం లేదు. వాడు రేపు రానంటే బలవంతపెట్టే హక్కూ మనకు లేదు. ర్యాంకుల పట్టికలో ఇరవైరెండో స్థానం చూసుకున్న పిల్లవాడు చేసే మొదటి పని తరగతి మానేయడం. అప్పుడు వాడికి తెలుగు చదవడం ఈ జన్మకు రాకపోవచ్చు. నాకు భయమున్నది అక్కడే.

అసలు మన పాత బడుల్లో దీనికి మంచి మందు ఉండేది. దాని పేరు అప్పజెప్పడం. పొద్దున్నే పంతులుగారి ముందు చేతులు కట్టుకుని ఎక్కమో పద్యమో అప్పజెప్పాలి. తప్పితే పక్కకు వెళ్ళి మళ్ళీ చదువుకుని వచ్చి మళ్ళీ అప్పజెప్పాలి. దానికి మార్కుల్లేవు, చిట్టా లేదు. (తొడపాశం ఉండేదన్నది వేరే విషయం. దాన్ని తిరిగి తెమ్మని నేనడగడం లేదు.) రోజూ కాస్త గుర్తు తెచ్చుకోవడమే అందులోని రహస్యం. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు 2006లో ఇదే సంగతిని ప్రయోగం చేసి చూపించారు. విద్యార్థులు ఒక పాఠం చదివారు. తరువాత కొందరు దాన్నే రెండోసారి చదివారు. మిగిలినవారు పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తరువాత తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం గుర్తుంటే, పుస్తకం మూసి రాసుకున్నవారికి 56 శాతం గుర్తుంది. మన తరగతికీ తరగతికీ మధ్య ఉన్నది సరిగ్గా వారమే కదా!

అయితే వారం మధ్యలో ఇంటింటికీ వెళ్ళి అప్పజెప్పించుకోవడానికి పంతులుగారిని ఎక్కడ తెస్తాం? వైట్‌ఫీల్డులో ఒకరుంటారు, బనశంకరిలో ఒకరుంటారు, మధ్యలో సిల్కుబోర్డు జంక్షనుంటుంది. అందుకని నేను మా ఇంజనీరింగు కాలేజీలో వాడే పద్ధతినే ఇక్కడికి తెచ్చాను. మూడిల్ అనే సాఫ్టువేరు ఉంది. పాఠాలు పెట్టుకోవడానికి, ప్రశ్నలు అడగడానికి, ఎవరు ఎంతవరకు వచ్చారో చూసుకోవడానికి పనికివస్తుంది. ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఉంచే సర్వరుకు మాత్రం అద్దె కట్టాలి, అది సంఘం భరిస్తోంది. దీన్ని తయారుచేసిన మార్టిన్ డూజియామస్ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంవాడు. మొదటి వెర్షను 2002 ఆగస్టులో విడుదలైంది. ఆయన చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో, బడి దరిదాపుల్లో లేనిచోట, రేడియోలో పాఠాలు వింటూ చదువుకున్నాడు. గురువుకు దూరంగా కూర్చుని చదవడమంటే ఏమిటో తెలిసినవాడే ఈ పనికి పూనుకున్నాడని నాకు ముచ్చటేస్తుంది.

ఇక అసలు పని. మూడిల్‌లో క్విజ్ పెట్టడం కష్టం కాదు. కాని దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తే అది మామూలు పరీక్షలాగే తయారవుతుంది. భయం తీసేయాలంటే కొన్ని మీటలు తిప్పాలి. గడియారం పెట్టలేదు. కాలపరిమితి కళ్ళముందు కరుగుతుంటే చదవడం కొత్తగా నేర్చుకునేవాడికి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎన్నిసార్లు రాసినా ఫరవాలేదని పెట్టాను. కాని ఒకసారికీ మరోసారికీ మధ్య ఒక రోజు విరామం తప్పనిసరి చేశాను. లేకపోతే ఒక్క కూర్చుండులో పదిసార్లు నొక్కి, జవాబులు కంటితో గుర్తుపెట్టుకుని, 'అయిపోయింది' అంటారు. మరుసటిరోజు మళ్ళీ గుర్తు తెచ్చుకోవడమే మనకు కావలసింది.

జవాబు చెప్పిన వెంటనే తప్పో ఒప్పో తెలిసేలా పెట్టాను. అందులోనే మరో సదుపాయం ఉంది. తప్పు చెబితే చిన్న సూచన వస్తుంది, మళ్ళీ ప్రయత్నించవచ్చు. సూచన రాయడంలోనే ఉపాధ్యాయుడి పనితనమంతా ఉంది. 'తప్పు, మళ్ళీ చూడు' అని రాస్తే అది సూచన కాదు, విసుగు. 'కింద ఉన్న ఒత్తు చూశావా? అది ఏ అక్షరానిది?' అని రాస్తే బిడ్డ కళ్ళు అక్కడికి వెళతాయి. చివరికి ఏది తప్పు, ఏది ఒప్పు, ఎందుకు అన్నవి కనబడతాయి గాని, ఎన్నిటికి ఎన్ని అన్న అంకె కనబడకుండా ఆ గడిలో టిక్కు తీసేశాను. మార్కులు అడిగేవారికి నా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఈ ఒక్క టిక్కే!

ప్రశ్నలు ముప్ఫై చొప్పున గుత్తులు కట్టి ఉంచాం. క్విజ్ తెరిచినప్పుడల్లా అందులోంచి ఆరు ఏవో పైకి వస్తాయి. ఆరే ఎందుకంటే, అన్నం వడ్డించేలోపు అయిపోవాలి. లండనులో గార్డ్‌నర్ మెడ్విన్ అనే ఆచార్యుడు రూపొందించిన మరో పద్ధతి కూడా మూడిల్‌లో ఉంది. జవాబుతోపాటు 'నాకెంత నమ్మకం' అన్నదీ చెప్పాలి. పూర్తి నమ్మకంతో ఒప్పు చెబితే మూడు, అంతే నమ్మకంతో తప్పు చెబితే మైనస్ ఆరు. పెద్దలకు బ్రహ్మాండంగా ఉంటుంది, ముఖ్యంగా కార్యవర్గ సమావేశాల్లో. పిల్లలకు మాత్రం వద్దనుకున్నాను.

ప్రశ్నలు తయారుచేయడంలో మన బెంగుళూరు వాసం బాగా పనికొచ్చింది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే గుడ్డిగా నొక్కినా నాలుగింట ఒకటి తగులుతుంది. కనుక తప్పు జవాబులు ఊరికే నింపితే ప్రయోజనం లేదు, ఒక్కొక్క తప్పు జవాబు ఒక్కొక్క పొరపాటును పట్టుకోవాలి. మన పిల్లలు బడిలో కన్నడ అక్షరాలు నేర్చుకుంటారు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. అందుకే చిక్కు. కన్నడంలో 'కీ', 'కే' రాసేటప్పుడు దీర్ఘం గుర్తు అక్షరం పక్కన కుడివైపు వస్తుంది. తెలుగులో గుడిదీర్ఘం, ఏత్వం తలమీదే ముగిసిపోతాయి. కన్నడం బాగా వచ్చిన పిల్లలు తెలుగు మాటలో దీర్ఘం కోసం పక్కన వెతికి, కనబడక, 'కీలు'ను 'కిలు' అని చదివేస్తారు. ఆ 'కిలు'ను జవాబుల్లో పెడితే చాలు, ఎవరు అక్కడ ఆగారో తెలిసిపోతుంది. 'మ'కూ 'య'కూ తేడా, 'ప, వ, ష, స'ల తేడా పట్టుకోవడానికి కూడా ఇలాగే చేశాం.

మాటల్లో అయితే ఇంకా సరదా. కన్నడంలో 'మాడు' అంటే చెయ్యి. మనకు మాడేది అన్నం. అక్కడ 'బేడ' అంటే వద్దు. మన తాతల కాలంలో బేడ అంటే రెండణాలు. అక్కడ 'కళ్ళ' అంటే దొంగ. ఇక్కడ కళ్ళు లేకపోతే దారి లేదు. అక్కడ 'మరి' అంటే జంతువుల పిల్ల. ఇక్కడ 'మరి' లేకుండా మనం వాక్యం ముగించలేం. ఇవన్నీ జతపరచమనే ప్రశ్నలుగా పెట్టాం. పిల్లలు ఎక్కువసార్లు తెరిచింది ఈ గుత్తినే. తండ్రులు కూడా తెరిచారని నా అనుమానం.

టైపు చేసి జవాబు రాసే ప్రశ్నలు మాత్రం మాకు చెమటలు పట్టించాయి. యంత్రానికి మనం చెప్పినదే ఒప్పు, తక్కినదంతా తప్పు. 'మనం ఉంటున్న నగరం పేరు రాయండి' అన్నాం. బెంగుళూరు, బెంగళూరు రెండూ రైటే. రెండూ ఒప్పుకోమని ముందే రాసి పెట్టాలి. 'బెంగలూరు' అని రాసినవాడికి సగం ఇచ్చి, 'ళ ఎక్కడికి పోయింది?' అని అడగాలి. దీనికి తోడు తెలుగు టైపులో కంటికి కనబడని గుర్తు ఒకటుంది. పొల్లు తరువాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు దాన్ని దూరుస్తాయి. తెర మీద రెండు మాటలూ ఒక్కలాగే ఉన్నా యంత్రానికి వేరు. కష్టపడి ఒప్పు రాసిన బిడ్డకు ఎర్రగుర్తు వస్తే వాడు మనల్ని మళ్ళీ నమ్మడు. అందుకని అలాంటి మాటలు టైపు ప్రశ్నల్లోంచి తీసేసి, ఎంచుకునే ప్రశ్నల్లోకి మార్చాం.

ఈ మధ్య ఒక తల్లి ఫోను చేశారు. వాళ్ళ పదకొండేళ్ళ అమ్మాయి వారంలో అయిదు రోజులు క్విజ్ రాసినట్టు లెక్కల్లో కనబడుతోంది. "అది ఒక్కతే రాయడం లేదండీ, ప్రొద్దుటూరులో ఉన్న అమ్మమ్మకు ఫోనులో చూపించి అడిగి రాస్తోంది. కాపీ కిందికి వస్తుందేమో, తీసేయండి" అన్నారు ఆవిడ బాధగా. నాకు నవ్వాగలేదు. ఇదే మార్కుల పరీక్ష అయితే కాపీయే. మార్కుల్లేవు గనుక ఇది ఒక మనవరాలు రోజూ రాత్రి అమ్మమ్మతో కూర్చుని తెలుగు చదవడం. అంతకంటే మనకు కావలసిందేముంది? అమ్మమ్మ ఊరికే జవాబులు అందించే రకం కాదట. 'నువ్వు చదువు, నేను వింటా' అంటుందట. ఆమెకు కూడా ఒక ఖాతా తెరుద్దామా అని అడిగాను.

పరీక్షలో పణం ఎంత పెద్దదైతే రగడ అంత పెద్దది. మన కర్ణాటకలోనే 5, 8, 9 తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెట్టడం మీద వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2024 ఏప్రిల్‌లో ఆ ఫలితాలు ప్రకటించకుండా కోర్టు ఆపింది. మరోవైపు మన ఊళ్ళోని ఐఐఎస్‌సీ, ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చూడండి. పన్నెండు వారాల కోర్సులో వారానికొక అసైన్‌మెంటు ఉంటుంది. అందులో బాగా వచ్చిన ఎనిమిదింటి సగటే లెక్కలోకి వస్తుంది, అదీ 25 శాతానికి. మిగతా 75 శాతం పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు. నాలుగు వారాలు జ్వరమొచ్చినా, పెళ్ళికి వెళ్ళినా, బోల్తాకొట్టినా కొంప మునగదు. కార్యవర్గంతో నేను రాజీపడింది కూడా ఈ దారిలోనే. ఏడాది చివర సర్టిఫికెట్ ఉంటుంది. దానికి వారాల క్విజ్‌లలో మూడింట రెండు వంతులు తెరిచి పూర్తిచేస్తే చాలు, ఎన్ని ఒప్పులన్నది అడగం. ర్యాంకులు మాత్రం ఉండవు. ఒకరిద్దరికి ఇది ఇంకా మింగుడుపడలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో మళ్ళీ లేవనెత్తుతామని చెప్పారు. రండి, మాట్లాడుకుందాం.

యంత్రం చేయలేని పనులూ ఉన్నాయి. బిడ్డ నోట 'ళ' పలుకుతోందా, చేతిరాత కుదురుతోందా అన్నది ఆదివారం ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది. క్విజ్ వచ్చాక ఆ రెండు గంటలూ పాత పాఠం మళ్ళీ చెప్పడానికి కాక కథలు చదివించడానికి మిగులుతున్నాయి. శనివారం రాత్రి లెక్కలు చూస్తాను. ఎక్కువమంది ఒకే ప్రశ్న దగ్గర తడబడితే మరునాడు పాఠం అక్కడే మొదలవుతుంది. పోయిన నెల 'క్ష' దగ్గర అలాగే ఆగాం. ఇక పిల్లల వివరాల విషయం. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. అందుకే మనం సంతకం తీసుకుంటున్నాం, పేరులో మొదటి అక్షరాలే నమోదు చేస్తున్నాం. పిల్లల క్విజ్ తెరలు ఫొటో తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టవద్దని మనవి. మేము తీసేసిన పోటీని మీరు దొడ్డిదారిన తేవద్దు.

చివరగా ఒక సాయం కావాలి. గుణింతాల గుత్తి నిండింది. ఒత్తుల గుత్తిలో పదకొండు ప్రశ్నలు, సామెతల గుత్తిలో ఎనిమిది తగ్గాయి. రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ మాటలు తెలిసినవారు మీ ఇంటి మాటలతో ప్రశ్నలు రాసి పంపండి. ఒక్కొక్క ప్రశ్నకూ మూడు తప్పు జవాబులు, ఒక సూచన తప్పక ఉండాలి. కాగితం మీద రాసి ఆదివారం తరగతికి తెచ్చిచ్చినా సరే, టైపు మేం చేసుకుంటాం.