పావగడ: మూడు దిక్కులా ఆంధ్ర, నడుమ ఒక సంత

తుమకూరు జిల్లా పటంలో పావగడ తాలూకా మిగతా జిల్లాకు ఎక్కడా అంటుకోదు. పడమట చిత్రదుర్గ జిల్లా వైపు మాత్రమే కర్ణాటక నేల తగులుతుంది. మిగతా మూడు దిక్కులా ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రంలో పనిపడి మధుగిరి మీదుగా తుమకూరు బస్సెక్కినవాళ్లు దారిలో మడకశిర సీమ పొలాలు దాటాకే మళ్లీ సొంత రాష్ట్రంలో పడతారు. కలెక్టరు తుమకూరులో ఉంటారు, పార్లమెంటు ఓటు చిత్రదుర్గ లోక్‌సభ స్థానానికి పడుతుంది. అమ్మకాలకు, కొనుగోళ్లకు, పెళ్లి సంబంధాలకు మాత్రం జనం హిందూపురం, మడకశిర, కళ్యాణదుర్గం వైపే తిరుగుతారు. ఊళ్లో బోర్డులన్నీ కన్నడంలో కనిపిస్తాయి, మాటలు తెలుగులో వినిపిస్తాయి. బడిలో కన్నడం చదివిన పిల్లాడు ఇంటికొచ్చి అవ్వతో రాయలసీమ యాసలో మాట్లాడతాడు.

ఈ పొలిమేర భాషను చూసి గీసింది కాదు. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయాక అతని రాజ్యాన్ని పంచుకున్నారు. పావగడ మైసూరు ఒడయార్ల పాలనలో మిగిలింది. మడకశిర, పెనుకొండ నిజాం చేతిలోకి వెళ్లాయి. 1800లో నిజాం వాటిని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేయడంతో అవి దత్తమండలాల్లో చేరాయి. తర్వాత మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర, 1956లో రాష్ట్రాల పునర్విభజన వచ్చాయి. ఎన్ని మార్పులొచ్చినా ఇక్కడ ఆ పాత గీతే నిలిచింది. అందుకే తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పావగడ కర్ణాటకలోనూ, కన్నడం గట్టిగా వినిపించే మడకశిర పల్లెలు ఆంధ్రలోనూ ఉండిపోయాయి.

అంతకు ముందు ఈ సీమంతా ఒకే ఏలుబడి. నొళంబవాడిని ఏలిన నొళంబ పల్లవుల రాజధాని హెంజేరు, అంటే ఇప్పటి హేమావతి, ఆంధ్రలో అమరాపురం మండలంలో ఉంది. వాళ్ల తర్వాత అదే నేలను ఏలిన నిడుగల్లు చోళుల కొండకోట పావగడ తాలూకాలో ఉంది. కరికాల చోళుడి వంశమని శాసనాల్లో చెప్పుకున్న ఈ చిన్న రాజులు పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో హొయసళుల పక్కనే తలెత్తి నిలిచారు. హేమావతి సిద్ధేశ్వరుణ్ణి చూసినవాళ్లు నిడుగల్లు కొండ ఎక్కరు, ఎక్కినవాళ్లు హేమావతి దాకా రారు. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఎవరి బోర్డు వాళ్లు పెట్టుకున్నంతకాలం ఈ చరిత్ర సగం సగంగానే కనిపిస్తుంది. అది నాకు బాధ కలిగించే విషయం.

పావగడ కోట అంత పాతది కాదు. పెనుకొండ ప్రాభవం ఉన్న రోజుల్లో బాలప్ప నాయకుడనే పాళెగాడు కట్టించాడని చెప్తారు. తర్వాత అది హైదర్ అలీకి, టిప్పుకు చిక్కింది. నున్నటి బండరాళ్ల కొండను చుడుతూ మెట్టు మెట్టుకూ గోడలు లేస్తాయి. ఊరు ఆ కొండ పాదాల దగ్గరే పుట్టింది. పైన దండు ఉంటే కింద గింజలమ్మేవాడు, గుడ్డలమ్మేవాడు, లాడాలు కొట్టేవాడు చేరతారు. దండు పోయినా వీళ్లు మిగిలారు.

వానాకాలంలో ఇక్కడి మెట్టపొలాల్లో ముఖ్యంగా వేసేది చెనిక్కాయే, అంటే వేరుశనగ. కాయ కల్లానికొచ్చే రోజుల్లో వ్యాపారి ముందు మూటలో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గలగలమంటే ఆరిన కాయ, మోగకపోతే పచ్చి ఇంకా పోలేదు. నాలుగు కాయలు చితిపి, గింజను బొటనవేలితో రుద్ది, ఎర్రపొర ఊడే తీరు చూస్తాడు. వాన మధ్యలో మొహం చాటేసిన ఏడు గింజ ముడతలు పడి ఉంటుంది. రైతు ఆ అరచేతి వైపు చూడలేక పక్కకు తిరుగుతాడు. కాటాకు ఎక్కకముందే ధర తేలిపోయే క్షణం అది.

మాఘం దాటితే చింతపండు వంతు. పల్లెల్లో ఆడవాళ్లు వసారాల్లో కూర్చుని పెంకు ఒలిచి, ఈనె లాగి, పిక్క తీస్తారు. వేళ్ల కొసలు నల్లబడి పులుపుకు మండుతుంటాయి. సరుకు ఎక్కువగా హిందూపురం మార్కెట్టుకు పోతుంది. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా వేరుచేసి వేలం వేస్తారు. పావగడ చింతచెట్టుకు ధర కట్టేది ఆంధ్ర మార్కెట్టే.

సంతలో గొర్రెల బేరం దగ్గర కాసేపు నిలబడితే మాటలు తక్కువ. అమ్మేవాడూ కొనేవాడూ కండువా కింద చేతులు కలిపి వేళ్లతోనే వేలూ వందలూ చెప్పుకుంటారు. పక్కనే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పొగ. ఆకుకూరల గంప ముందు, “ఏమక్కా, మడకశిర బస్సు పోయిందా?” అని తెలుగులో అడిగితే “ఈగ హోయ్తు” అని కన్నడంలో బదులొస్తుంది. అడిగినామె నవ్వి తెలుగులోనే సాగిస్తుంది. పొలిమేరకు అటూ ఇటూ భూములున్న కుటుంబాలు ఒక చేనుకు కర్ణాటక పహణి, ఇంకో చేనుకు ఆంధ్ర అడంగల్ దాచుకుంటాయి.

శనివారం వచ్చిందంటే ఊరు శనిమహాత్మ గుడి చుట్టూ తిరుగుతుంది. శ్రావణ శనివారాల్లో తిరనాళ్లే. నువ్వుల నూనె దీపాలు, నల్లగుడ్డ మూటలు, శీతలమ్మ ముందు మొక్కులు. అనంతపురం వైపు నుంచి వచ్చే జనంతోనే హోటళ్లు, పూలకొట్లు, ఆటోలు వారం పొడుగునా బతుకుతాయి. స్వామి జపానంద నడిపే శ్రీ రామకృష్ణ సేవాశ్రమానికి వచ్చేవాళ్లు వేరు. కంటి ఆపరేషన్లకు, క్షయకు, కుష్ఠుకు మందు కోసం పేదలు వస్తారు. ఏ రాష్ట్రం కార్డు అని చూసుకుంటే ఈ సీమలో సేవ సాగదు.

నీటి సంగతి నాలుగు మాటల్లో చెప్పొచ్చు. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు వస్తుంది. పసుపుబారిన పళ్లు, నలభై ఏళ్లకే పట్టేసే కీళ్లు ఇక్కడ మామూలైపోయాయి. నాణెం వేసి శుద్ధి నీళ్లు క్యానులో పట్టుకోవడం రోజువారీ పని.

ఆ కరువు నేల మీదే తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, బలసముద్ర, క్యాతగానచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వెలిసింది. 2018 మార్చిలో మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. రాజస్థాన్‌లోని భడ్లాతో పాటు దేశంలోని పెద్దవాటిలో ఒకటి. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన కోసం మొగులు చూసిన రైతుకు ఇది కచ్చితమైన రాబడి. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ కౌలు పట్టాదారుకే వస్తుంది. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ కోసి, గొర్రెలు మేపుకున్న భూమిలేనివాళ్లకు రాలేదు. ఫలకాలు కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కొందరికే పని దొరికింది. మిగతావాళ్లు బెంగళూరు బస్సెక్కారు. అన్ని వేల ఎకరాల్లో కాయ పండకపోతే ఆ మేరకు సంతకొచ్చే మూటలూ తగ్గుతాయి. కరెంటు లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు. కౌలులో ఒక చిన్న వాటా కూలీ కుటుంబాలకు చేరే ఏర్పాటు మొదటి ఒప్పందంలోనే ఉండాల్సింది.

రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరుకు రైలు మార్గం పనులు ఏళ్లుగా సాగుతున్నాయి. ఆ ఊళ్ల వరసలో ఆంధ్ర, కర్ణాటక ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పావగడ వ్యాపారి అడుగుతున్నది ప్యాసింజరు బండి ఒక్కటే కాదు. చెనిక్కాయ, చింతపండు మూటలు ఎక్కించుకునే గూడ్సు షెడ్డు కూడా తన ఊళ్లో కావాలంటున్నాడు.