మోటారు సైకిలు: ఆదా ఎక్కడ, ఖర్చు ఎక్కడ?

హోసూరు నుండి బెంగుళూరు వైపు పనికి వెళ్లివచ్చే మా అబ్బాయి బండి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుంది. 25 రోజులకు 1000. లీటరుకు 50 ఇస్తే 20 లీటర్లు చాలు. 40కి పడిపోతే 25 కావాలి. టైర్లలో గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టరు మురికి పట్టినా, బ్రేకు పట్టేసినా మైలేజీ పడిపోతుంది. ట్యాంకు నింపించి, మళ్లీ నింపించినప్పుడు తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తెలుస్తుంది.

బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. ప్యాడు మీది గాడి అరిగి కనబడకపోతే వెంటనే మార్పించాలి. ఆలస్యమైతే వెనుకనున్న ఇనుపరేకు డిస్కును గీరేస్తుంది. ప్యాడుతో పోయే ఖర్చు డిస్కుదాకా వస్తుంది. అంతకన్నా ముఖ్యం, వానలో లారీ వెనుక బండి ఆగాలి కదా! "వచ్చే జీతానికి చూద్దాం నాన్నా" అంటే నేను ఒప్పుకోను. మీ ఇంటి బండినీ ఈ ఆదివారం ఒకసారి చూడండి.