ఎబోలా: 21 రోజుల లెక్క

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం ప్రాంతాలున్నాయి. నాచారంలో పారిశ్రామికవాడ, కార్మికుల కోసం ఏర్పడిన ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నాయి. ఉప్పల్ రహదారి మీద హబ్సిగూడ వద్ద, సి.సి.ఎం.బి. అని ప్రసిద్ధి చెందిన జీవశాస్త్ర పరిశోధనాలయం ఉంది. వర్షాకాలం వచ్చిందంటే ఇక్కడి వైద్యశాలల ముందు జ్వరపీడితులు బారులు తీరుతారు. ఒళ్లు కాలిపోవడం, తలనొప్పి, కండరాల నొప్పులు, నిస్సత్తువ - అందరూ చెప్పే బాధలు ఇవే. వైద్యుడు డెంగీ అనో, మలేరియా అనో, టైఫాయిడ్ అనో అనుమానిస్తాడు. ఆ అనుమానం చాలావరకు నిజమే అవుతుంది.

ఎబోలా అనే ప్రాణాంతక వ్యాధి కూడా సరిగా ఈ వేషంలోనే ప్రవేశిస్తుంది. తొలి దినాలలో దానిని ఇతర జ్వరాల నుండి వేరుపరచి చూపే బాహ్య లక్షణం ఏదీ లేదు. కనుక దానిని పట్టి ఇచ్చేది ముందుగా ఒక ప్రశ్న: "గత మూడు వారాలలో మీరు ఎక్కడ ఉన్నారు? ఎవరికి ఉపచారం చేశారు?" ప్రయోగశాల వంతు ఆ తరువాతనే వస్తుంది.

ఈ వ్యాధి లోకానికి తెలిసినది 1976లో. ఆ సంవత్సరం సూడాన్‌లోని నజారాలోను, నేడు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంగా పిలువబడుతున్న నాటి జైరే దేశంలోని యాంబుకు గ్రామంలోను ఇది ఇంచుమించు ఒకే కాలంలో చెలరేగింది. యాంబుకులో 318 మందికి సోకగా 280 మంది మరణించారు. అక్కడి మిషనరీ ఆసుపత్రిలో సూదులను శుద్ధి చేయకుండా ఒకరి తరువాత ఒకరికి వాడడం వ్యాధి వ్యాపించడానికి ముఖ్య కారణమయింది. స్వస్థత కోసం వెళ్లిన చోటనే మృత్యువు ఎదురయిందన్నమాట. వ్యాధికి గ్రామం పేరు పెడితే ఆ ఊరివారికి తీరని అపఖ్యాతి వస్తుందని తలచిన శాస్త్రజ్ఞులు, ఆ ప్రాంతంలో ప్రవహించే ఎబోలా నది పేరును ఎన్నుకున్నారు. రోగంతో పాటు వెలివేత కూడా వ్యాపిస్తుందని వారు ముందే గ్రహించడం మెచ్చదగినది.

ఎబోలా వైరస్ సన్నని దారపు పోగు వంటి ఆకారం గలది. దాని జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ.; అందులో ఉన్నవి ఏడు జన్యువులు మాత్రమే. శరీరంలో చొరబడిన ఈ వైరస్ మొట్టమొదట రోగనిరోధక కణాలనే ఆక్రమిస్తుంది. కాపలావాడినే లోబరచుకున్న దొంగకు ఇల్లంతా తెరచినట్లే గదా! అటుపిమ్మట కాలేయం, రక్తనాళాలు దెబ్బతింటాయి. వాంతులు, విరేచనాల వల్ల శరీరంలోని నీరు, లవణాలు హరించుకుపోతాయి. రక్తస్రావం దీని ప్రధాన లక్షణమని చాలామంది భావిస్తారు. కాని అది కొందరు రోగులలో మాత్రమే కనబడుతుంది. సోకినవారిలో సగటున సగం మంది మరణిస్తారు. ఒక్కొక్క విడతలో ఈ నిష్పత్తి 25 శాతం నుండి 90 శాతం వరకు మారుతూ వచ్చింది.

ఇంత భయంకరమైన వ్యాధి అయినప్పటికీ ఇది ఫ్లూ వలె గాలిలో తేలివచ్చి సోకదు. రోగి రక్తం, వాంతి, మలమూత్రాలు, చెమట మొదలైన ద్రవాలు మరొకరి నోటికో, కంటికో, చర్మంపై ఉన్న గాయానికో తగలాలి. లక్షణాలు కనబడక మునుపు రోగి నుండి ఇతరులకు వ్యాపించదు. రోగం ముదిరేకొద్దీ దేహంలో వైరస్ పెరుగుతుంది. మరణించిన దేహంలో అది అత్యధికంగా ఉంటుంది. ఎబోలాలోని విషాదమంతా ఇక్కడనే ఉంది. దారిన పోయేవారికి దీనివల్ల ప్రమాదం స్వల్పం. నుదుటి చెమట తుడిచిన తల్లికి, వాంతి ఎత్తిన భార్యకు, సెలైన్ సూది గుచ్చిన నర్సుకు, శవానికి కడసారి స్నానం చేయించిన బంధువులకు సోకుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో మృతదేహాన్ని కడిగి, స్పృశించి వీడ్కోలు పలకడం ఆచారం. మన ఇళ్లలో మాత్రం అట్లా చేయడం లేదా? ఆత్మీయతే వ్యాధికి వాహనమైనప్పుడు, "ముట్టుకోవద్దు" అని చెప్పడం తేలిక, వినడం కష్టం.

వైరస్ సోకిన 2 నుండి 21 రోజుల లోపల లక్షణాలు బయటపడతాయి. కనుక రోగిని తాకినవారిని 21 రోజులు ప్రతిదినం గమనించాలి. ఈ పద్ధతికి మూలమైన 'క్వారంటీన్' అనే మాట నలభై అనే అర్థమిచ్చే ఇటాలియన్ పదం నుండి పుట్టింది. ప్లేగు కాలంలో వెనిస్ రేవునకు వచ్చిన ఓడలను నలభై దినాలు దూరంగా నిలిపేవారు. ఆ మాట మనకు కొత్తది కాదు. ఉప్పల్‌కు కొద్ది మైళ్ల దూరాన నల్లకుంటలో ఉన్న జ్వరాల ఆసుపత్రిని పెద్దలు నేటికీ 'కోరంటి దవాఖానా' అనే అంటారు. ఆ కోరంటి ఈ క్వారంటీనే! 1897లో సికింద్రాబాదులో మలేరియా రహస్యాన్ని ఛేదించిన సర్ రోనాల్డ్ రాస్ పేరు ఆ ఆసుపత్రికి ఉండడం మరొక విశేషం.

21 రోజుల లెక్క ఎంత బలమైనదో 2014లో నైజీరియా నిరూపించింది. అప్పటికి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలు ఎబోలా గుప్పిట చిక్కుకున్నాయి. 2016లో ముగిసేనాటికి ఆ విడతలో 28,600 మందికి పైగా వ్యాధిగ్రస్తులై, 11,300 మందికి పైగా అసువులు బాశారు. 2014 జూలైలో లైబీరియా నుండి విమానంలో లాగోస్ మహానగరానికి వచ్చిన ఒక ప్రయాణికుడు జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. మలేరియాగా చికిత్స ఆరంభమయింది. డాక్టర్ స్టెల్లా అడాడెవో అనే వైద్యురాలు ఎబోలాను శంకించి, ఎన్ని ఒత్తిడులు వచ్చినా అతనిని బయటకు పంపడానికి నిరాకరించారు. అధికారులు దాదాపు 900 మందిని ఇల్లిల్లూ తిరిగి గమనించారు. కోటికి మించిన జనాభా గల ఆ నగరం నుండి మొదలైన వ్యాధి, దేశమంతటా కలిపి 20 మందితో, 8 మరణాలతో ఆగిపోయింది. ఆ ఎనిమిది మందిలో డాక్టర్ అడాడెవో ఒకరు. ఆగస్టు 19న ఆమె కన్నుమూశారు.

ఆ సంవత్సరం శంషాబాద్ విమానాశ్రయంలోను పీడిత దేశాల ప్రయాణికులను పరీక్షించారు. గాంధీ ఆసుపత్రిలో ప్రత్యేక వార్డును సిద్ధపరచారు. మన దేశంలో వ్యాధి ప్రబలలేదు. అయితే నవంబరులో, లైబీరియాలో ఎబోలా నుండి కోలుకొని ఢిల్లీ చేరిన ఒక యువకుని వీర్యంలో వైరస్ జాడలు కనబడ్డాయి. అతనికి జ్వరం లేదు. అయినను పరీక్షలు నిర్దోషంగా తేలే వరకు విడిగా ఉంచారు. రోగి కోలుకున్న పిదప కూడా కొన్ని అవయవాలలో వైరస్ నెలల తరబడి దాగి ఉండగలదని దీనివల్ల మనకు తెలుస్తుంది. తార్నాక, హబ్సిగూడ పరిసరాలలో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలాకాలంగా నివసిస్తున్నారు. ఆఫ్రికా ఒక ఊరు కాదు, మహాఖండం. మనిషి రంగును చూసి జంకడం 21 రోజుల లెక్క కిందికి రాదు. అది అజ్ఞానం కిందికి వస్తుంది.

ఇంతటి పరిశోధనాలయాలు ఉన్న ఉప్పల్‌లో ఎబోలాను పెంచి పరిశోధించవచ్చునా? వీలులేదు. సజీవమైన ఎబోలా వైరస్‌ను నాలుగవ స్థాయి జీవభద్రత గల ప్రయోగశాలలో మాత్రమే ఉంచాలి. అట్టిది మన దేశంలో మొదట 2012లో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఏర్పడింది. కాని వ్యాధి నిర్ధారణకు వాడే ఆర్.టి.పి.సి.ఆర్. పద్ధతి మనకు పరిచితమే. కరోనా కాలంలో, అంటే 2020లో, సి.సి.ఎం.బి.తో పాటు, ఒకప్పుడు నాచారంలో పనిచేసి నేడు ఉప్పల్‌లో ఉన్న సి.డి.ఎఫ్.డి. సంస్థ కూడా కరోనా వైరస్ జన్యుక్రమాలను చదివింది. నమూనాలోని వైరస్‌ను ముందు నిర్జీవం చేసి, దాని ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, కోట్ల ప్రతులుగా పెంచి గుర్తించడమే ఆ పద్ధతి సారాంశం.

ఎబోలాకు టీకా లేదనే మాట 2014లో నిజం. 2015లో గినీలో ఒక టీకాను వినూత్నంగా పరీక్షించారు. రోగిని తాకినవారికి, వారిని తాకినవారికి వలయం వలె టీకా వేశారు. ఫలితం ఆశాజనకంగా వచ్చింది. 2019లో దానికి యూరప్, అమెరికాలలో అనుమతి లభించింది. 2020లో రెండు ప్రతిరక్షక ఔషధాలు కూడా ఆమోదం పొందాయి. అయితే ఇవన్నీ జైరే రకం ఎబోలాకు మాత్రమే ఉద్దేశించినవి. 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో సూడాన్ రకం బయటపడినప్పుడు ఆమోదం పొందిన టీకా ఏదీ అందుబాటులో లేదు. వ్యాధిని ప్రకటించిన నాలుగు దినాలకే అక్కడ ఒక ప్రయోగాత్మక టీకాపై పరీక్ష ఆరంభించారు. ఆ విడతలో మొదట గుర్తించిన మృతుడు ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు.