జార్జియా ఫాంట్‌లో 9 ఎందుకు కిందకి జారుతుంది? బగ్ కాదు, డిజైన్!

ఫోన్లను పోల్చి చూపించే చిన్న వెబ్‌పేజీ ఒకటి ఈమధ్య సొంతంగా చేసుకున్నా. పేజీ మొత్తానికీ జార్జియా ఫాంట్ పెట్టా. ల్యాప్‌టాప్‌లో పేరాలు పుస్తకంలోలా చక్కగా వచ్చాయి. ధరల టేబుల్ దగ్గరే తేడా కొట్టింది. 19,499లో 4, 9లు కిందకి దిగిపోయాయి, 1 పొట్టిగా ఉండిపోయింది. 20,000లో సున్నాలైతే ఇంగ్లిష్ స్మాల్ లెటర్ 'ఓ'ల్లా ఉన్నాయి. ఫ్రెండ్‌కి లింక్ పంపితే, "నా ఆండ్రాయిడ్‌లో బాగానే ఉంది కదరా" అన్నాడు. లైన్-హైట్ తప్పేమోనని ఒక సాయంత్రమంతా సీఎస్‌ఎస్ వెతికా. తీరా చూస్తే కోడ్‌లో తప్పేం లేదు. జార్జియాలో అంకెల్ని గీసిందే అలా!

పిక్సెల్స్ ముందు, గీతలు తర్వాత

జార్జియా ఒక సెరిఫ్ ఫాంట్. అంటే అక్షరం గీతల చివర్లలో చిన్న చిన్న కొసలు ఉంటాయి. టైమ్స్ న్యూ రోమన్ కూడా సెరిఫే. కానీ రెండూ పుట్టిన అవసరాలు వేరు. టైమ్స్ న్యూ రోమన్‌ని లండన్‌లోని 'ది టైమ్స్' దినపత్రిక కోసం తయారు చేశారు. 1932లో పత్రికలోకి వచ్చింది. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి కాబట్టి దాని అక్షరాలు ఒద్దికగా, దగ్గర దగ్గరగా ఉంటాయి.

జార్జియాని మాథ్యూ కార్టర్ మైక్రోసాఫ్ట్ కోసం డిజైన్ చేశారు. 1996లో విడుదలైంది. దీని టార్గెట్ కాగితం కాదు, మానిటర్. అప్పటి స్క్రీన్ల మీద ఒక చిన్న అక్షరానికి దొరికేవి చాలా తక్కువ పిక్సెల్స్. అంచుల్ని నున్నగా చేసే పద్ధతి కూడా ఇంకా అందరి కంప్యూటర్లలోకీ రాలేదు. చాలాచోట్ల పిక్సెల్ అయితే నలుపు, లేకపోతే తెలుపు, అంతే.

మామూలుగా అయితే ముందు అందమైన అవుట్‌లైన్ గీసి, తర్వాత దాన్ని పిక్సెల్స్‌లోకి కుక్కుతారు. కార్టర్ దీన్ని తిరగేశారు. ముందు పిక్సెల్స్‌తో అక్షరాలు పేర్చి, వాటికి సరిపోయేలా అవుట్‌లైన్లు గీశారు. ఆ తర్వాత టామ్ రిక్నర్ హింటింగ్ చేశారు. హింటింగ్ అంటే ఏ సైజులో ఏ గీత ఏ పిక్సెల్ మీద కూర్చోవాలో ఫాంట్ ఫైల్‌లోనే రాసిపెట్టే సూచనలు. ఒకరకంగా అదీ ప్రోగ్రామింగే.

హార్డ్‌వేర్ పరిమితి డిజైన్‌లో ఎలా కనిపిస్తుందో చూడాలంటే జార్జియా బోల్డ్ చూడండి, బాగా మందంగా ఉంటుంది. ఎందుకంటే మామూలు గీత ఒక పిక్సెల్ అయితే, దాని తర్వాతి మెట్టు రెండు పిక్సెల్స్. ఒకటిన్నర అనేది లేదు కదా! స్మాల్ లెటర్స్ ఎత్తు కూడా ఎక్కువే, లోపలి ఖాళీలు విశాలంగా ఉంటాయి. అందుకే చిన్న సైజులో కూడా అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు.

మరి అంకెల సంగతి?

జార్జియాలో ఉన్నవి ఓల్డ్ స్టైల్ అంకెలు. 0, 1, 2 స్మాల్ లెటర్స్ అంత ఎత్తే. 3, 4, 5, 7, 9 లైన్ కిందకి దిగుతాయి. 6, 8 పైకి లేస్తాయి. ఇంగ్లిష్ స్మాల్ లెటర్స్ కూడా అంతే కదా, కొన్ని పైకి, కొన్ని కిందకి. కాబట్టి ఇంగ్లిష్ పేరా మధ్యలో సంవత్సరమో, ధరో వస్తే మాటల్లో కలిసిపోతుంది, కంటికి అడ్డు తగలదు. అదే టేబుల్‌లో అయితే, ఒక అంకె పక్కన ఇంకో అంకె పెట్టి పోల్చాలి. అక్కడ కలిసిపోవడం కాదు, వరసగా నిలబడటం ముఖ్యం.

తెలుగు పేజీలో ఇంకో చిక్కుంది. జార్జియాలో తెలుగు అక్షరాలే లేవు. మీరు జార్జియా అని పెట్టినా, తెలుగుని సిస్టమ్‌లో ఉన్న వేరే ఫాంట్ గీస్తుంది. జార్జియా ముద్ర పడేది ఇంగ్లిష్ అక్షరాల మీద, అంకెల మీద మాత్రమే. తెలుగులో స్మాల్, క్యాపిటల్ తేడా లేదు కాబట్టి ఆ అంకెలు కలిసిపోవడానికి పక్కన తోడు కూడా లేదు. ఎగుడుదిగుడుగా కనిపిస్తాయంతే.

ఫ్రెండ్ ఫోన్‌లో ఎందుకు బాగుంది?

విండోస్, మ్యాక్, ఐఫోన్‌లలో జార్జియా ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఉండదు. అక్కడ బ్రౌజర్ మామూలుగా నోటో సెరిఫ్ తీసుకుంటుంది. దాని అంకెలన్నీ ఒకే ఎత్తు. అంటే వాడు చూసింది అసలు జార్జియానే కాదు!

ఎక్కడ వాడాలి?

ఇప్పటి ఫోన్లలో చాలావాటికి అంగుళానికి 400 పిక్సెల్స్ దాకా ఉంటున్నాయి. 1996 నాటి సమస్య తీరిపోయింది. అయినా ఆ విశాలమైన అక్షరాలు పొడవైన ఇంగ్లిష్ ఆర్టికల్స్ చదవడానికి ఇప్పటికీ హాయిగానే ఉంటాయి. ఐఫోన్ రీడింగ్ యాప్‌లో జార్జియా కనిపిస్తే ఒకసారి పెట్టి చూడండి. స్పెక్స్, ధరలు, బెంచ్‌మార్క్ స్కోర్లకి మాత్రం వద్దు. లేదంటే జార్జియా ప్రో వాడండి, అందులో ఒకే ఎత్తు అంకెలు కూడా ఉన్నాయి.

నేనైతే పేరాలకి జార్జియా ఉంచి, టేబుల్‌కి వేరే ఫాంట్ పెట్టా. సీఎస్‌ఎస్‌లో మార్చింది ఒక్క లైన్. మీ పేజీలో కూడా అంకెలు గెంతుతుంటే, కోడ్ తిరగేసే ముందు ఫాంట్ ఒకసారి మార్చి చూడండి.